ఎఱ్ఱ అక్షరము



యోహాను సువార్త 8వ అధ్యాయములో శాస్త్రులును పరిసయ్యులును ఒక స్త్రీని ప్రభువునొద్దకు తెచ్చిరి. తప్పు చేయుచుండగానే పట్టుకొంటిమనిరి. అట్లయిన ఆ పురుషుడెక్కడ? లేవీయకాండము 20:10 తీసి చూడుడి. ధర్మశాస్త్రము ఇద్దరికిని శిక్ష విధించినది. తెచ్చినది మాత్రము ఒక్కతెను. ఈ ప్రశ్నను మనస్సులో నుంచుకొని ఈ నెల అమెరికా దేశపు నవల నొకదానిని చూతము.

నతానియేలు హాథార్న్ 1850లో వ్రాసిన ఆ పుస్తకము పేరు ‘స్కార్లెట్ లెటర్’, అనగా ఎఱ్ఱ అక్షరము. కథ జరిగినది అంతకు రెండువందల యేండ్లు ముందు, బోస్టను పట్టణములో. అచటివారు ప్రొటెస్టంటు క్రైస్తవులు, బైబిలు క్షుణ్ణముగా చదివినవారు. ఈ సంగతి మరువకుడి. హెస్టరు ప్రిన్ అను స్త్రీ, భర్త దగ్గర లేని కాలమున బిడ్డను కన్నది. ఇంగ్లీషులో వ్యభిచారమను మాటకు మొదటి అక్షరము ‘ఏ’. దానిని ఎఱ్ఱగుడ్డతో చేసి బ్రదికినన్నాళ్లు రొమ్ముమీద ధరింపవలెనని పెద్దలు తీర్పు చెప్పిరి. బిడ్డ నెత్తుకొని సంత బయలులో మూడు గంటలు వేదికమీద నిలువవలెను.

తండ్రి పేరు చెప్పుమని ఆ దినమున ఆమెను అడిగినవారిలో ఆ ఊరి యువబోధకుడు డిమ్స్‌డేల్ ఒకడు. ఆమె చెప్పలేదు. ఆ తండ్రి అతడే.

నేనును బోధకుడనే గనుక ఇక్కడ త్వరగా దాటిపోజాలను. అతడు ఉత్త వేషధారి కాడు. ఉపవాసములుండును, రాత్రివేళ కొరడాతో తన్ను తాను కొట్టుకొనును. ప్రసంగపీఠము మీదనుండి, నేను పాపులందరిలో హీనుడనని పలుమార్లు చెప్పును. జనులు అది విని, ఎంత దీనమనస్సు గల భక్తుడని ఇంకను గౌరవించిరి! అందరును పాపులమే అను మాట చాటున ఒక్కని పాపము ఎంత సుఖముగా దాగునో మా వృత్తివారికి బాగుగా తెలియును.

ఇక ఆ అక్షరము సంగతి. గుర్తునకు అర్థము గుడ్డలో లేదు, చూచువారిలో నున్నది. మన కోయ ముసలమ్మల పచ్చబొట్లు తెలియనివానికి మచ్చలు, వారికి అలంకారము. హెస్టరు ఆ అక్షరమును బంగారు దారముతో కుట్టుకొన్నది. సూదిపని చేసి బ్రదికినది, బీదలకు పెట్టినది, రోగుల ప్రక్కన కూర్చున్నది. కొన్నాళ్లకు ఆ ‘ఏ’ అనగా సమర్థురాలని జనులు చెప్పుకొనసాగిరి. ఇంగ్లీషులో ఆ మాటకును మొదటి అక్షరమదే. గవర్నరు బట్టలకును, పసిబిడ్డల టోపీలకును, చనిపోయినవారి వస్త్రములకును ఆమె కుట్టుపనియే కావలెను. పెండ్లికూతురి తెల్ల ముసుగు మాత్రము ఎవరును ఆమెచేత కుట్టించుకొనలేదు. ఆ యూరి దయకు ఎల్ల అంతే.

ఆమె భర్త పేరు మార్చుకొని, వైద్యుడనని చెప్పి, బోధకుడున్న ఇంటనే చేరెను. రోగము కుదుర్చుటకు కాదు, గుట్టు త్రవ్వుటకు. అన్యాయము పొందినవాడు అతడే; అయినను ముగ్గురిలో ఎక్కువ చెడినవాడుగా గ్రంథకర్త చూపునది అతనినే. నాకును ఆ తీర్పే సరియని తోచినది.

హాథార్న్‌కు ఈ బాధ పుస్తకములలో దొరికినది మాత్రమే కాదు. 1692లో సేలములో మంత్రవిద్య నేరము మోపి 19 మందిని ఉరితీసిరి. విచారించిన న్యాయాధిపతులలో ఒకడు అతని పూర్వికుడు. చేతబడి చేసినదని ఒక ముసలిదానిని ఊరంతయు కూడి కొట్టిన వార్తలు విన్న మనకు దీనిని వివరింప నక్కరలేదు.

పాల్వంచ మొదలు దుమ్ముగూడెము వరకు గల మన పల్లెలలో, మిరపకాయ ఏరుటకు ఖమ్మం వైపు పోయిన పిల్ల కడుపుతో తిరిగివచ్చినచో ఏమి జరుగును? కులపెద్దలు తప్పు కట్టుమందురు. సంఘపెద్దలు ప్రభువు బల్లనుండి ఆపుదురు. నిలువబడునది ఆ పిల్ల ఒక్కతెయే. పురుషుడు మేస్త్రియో, పొలము గలవాడో, ఒక్కొక్కప్పుడు తీర్పు చెప్పుటకు చాపమీద కూర్చున్న పెద్ద కుమారుడో. క్రమశిక్షణ వద్దని నేననుట లేదు. కొరింథు సంఘములోని అట్టి పాపమును గూర్చి పౌలు వ్రాసినప్పుడు (1 కొరింథీ 5) వెలివేయుమన్నది పురుషునినే. ఆ యధ్యాయమును పెద్దల కూటములో ఎన్నిసారులు చదివితిమి?

కథ ముగింపులో, ఏడు సంవత్సరముల తరువాత, డిమ్స్‌డేల్ గొప్ప ప్రసంగము చేసి వచ్చి, పట్టపగలు హెస్టరును బిడ్డను చెంతకు పిలిచి అదే వేదిక ఎక్కెను. పాపము ఒప్పుకొని, రొమ్ముమీది బట్ట తీసి చూపి, అక్కడనే ప్రాణము విడిచెను. అతని రొమ్మున అదే అక్షరమును చూచితిమని చాలమంది చెప్పిరి. గౌరవనీయులు కొందరు మాత్రము, అక్కడ ఏ గుర్తును లేదు, పుట్టిన బిడ్డ రొమ్మువలె నుండెననిరి. అతడేమియు ఒప్పుకొనలేదట, పాపులమందరము సమానులమని నేర్పుటకే ఆ స్త్రీ చేతులలో చనిపోయెనట.