ఇంటి కంప్యూటరునకు ఆపరేటింగు సిస్టమును ఎన్నుకొనుట

పలాసలోనో టెక్కలిలోనో కంప్యూటరును కొనబోవు తల్లిదండ్రులు దుకాణదారుని సాధారణముగా అడుగు ప్రశ్నలు రెండు. వెల యెంత? ఎన్ని కోర్లు గలవు? నాలుగు అనినచో ఆరు గలదానిని, ఆరు అనినచో ఎనిమిది గలదానిని చూపుమందురు. ఆ కోర్లచేత పని చేయించునది ఏది యని అడుగువారు అరుదు. అట్లు చేయించునదే ఆపరేటింగు సిస్టము. విద్యార్థులారా, దానిని గూర్చియే ఇచ్చట కొంత విరివిగా చెప్పదలచితిమి. ఉద్దానమున మూత్రపిండవ్యాధి మందులకును డయాలసిస్ ప్రయాణములకును ధనము వెచ్చించు ఇండ్లెన్నియో కలవు. అట్టి యింట బిడ్డ చదువునకై కొను యంత్రము సగము పనికే వచ్చుట చిన్న నష్టము గాదు.

మన ప్రాంతమున జీడిపరిశ్రమను చూడనివారుండరు. పిక్కలను ఉడికించుట, ఆరబెట్టుట, కోయుట, పప్పును బోర్మాలో ఎండించుట, పొట్టు తీయుట, గ్రేడులుగా ఏరుట, ఇవి వరుసగా జరుగు పనులు. కోతబల్లలయొద్ద ఇరువదిమంది కూర్చుండినంత మాత్రమున పప్పు ఇరువది రెట్లు రాదు. ఎవరి యెదుట ఎన్ని పిక్కలు పోయవలెనో, ఎవరు ఖాళీగా నున్నారో, ఏ పని ముందు కావలెనో చూచు మేస్త్రి యొకడుండవలెను. కోర్లు పనివారు, ఆపరేటింగు సిస్టము మేస్త్రి. ఏ ప్రోగ్రామును ఏ కోర్‌కు అప్పగింపవలెనో అది సెకనునకు అనేక పర్యాయములు నిర్ణయించుచుండును.

మేస్త్రి యెంత సమర్థుడైనను దాటజాలని హద్దు ఒకటి కలదు. ఉడికించు పాత్ర యొక్కటే యనుకొనుడు. ఒక లాటు సరకు ఒక్కని చేతిలో 100 నిమిషముల పని యనియు, అందు 20 నిమిషములు ఆ పాత్రయొద్దనే గడచుననియు, తక్కిన 80 నిమిషముల పనిని పంచుకొనవచ్చుననియు భావింపుడు. నలుగురున్నచో ఆ 80 నిమిషములు 20 అగును గాన మొత్తము 40 నిమిషములు పట్టును. ఎనమండుగురున్నచో 30. నూఱుగురు చేరినను 20కి తగ్గదు. జీన్ ఆమ్డాల్ అను అమెరికా ఇంజనీరు 1967లో కంప్యూటర్లను గూర్చి చెప్పినది ఈ విషయమే. నలుగురినుండి ఎనమండుగురికి పోయినప్పుడు పనివారు రెట్టింపైరి. కాలము మాత్రము నాలుగవవంతే తగ్గినది. ఎక్కువ కోర్లకు ఎక్కువ వెల పెట్టబోవు తండ్రి ఈ లెక్కను తన బిడ్డచేత ఒకసారి వేయించి చూచుట మేలు. వ్యాసములు వ్రాయుటకును పాఠముల వీడియోలు చూచుటకును నాలుగు కోర్లు చాలును. వీడియోలు కూర్చువారికిని, పెద్ద ప్రోగ్రాములను కంపైలు చేయువారికిని అంతకు మించినవి ఫలించును.

పూర్వము ఇంటి కంప్యూటరున రెండు ప్రాసెసర్లుండుట వింత. 1995లో బీ అను సంస్థ రెండు ప్రాసెసర్ల బీబాక్సును, దానికై బీఓఎస్ అను ఆపరేటింగు సిస్టమును వెలువరించెను; పని బాగుగనే యుండెను గాని సంస్థ నిలువలేదు. 1999లో అబిట్ సంస్థవారి బీపీ6 అను బోర్డుపై చౌకయగు సెలెరాన్ ప్రాసెసర్లను రెంటిని అమర్చుటకు వీలు కలిగెను. దానిపై విండోస్ 98ను వేసినవారికి రెండవ ప్రాసెసరు కేవలము అలంకారము, ఏలయన ఆ విండోస్ ఒక్క ప్రాసెసరునే ఎఱుగును. విండోస్ ఎన్‌టీని వేసినవారికి రెండును పనిచేసెను. యంత్రము ఒకటే, వెల ఒకటే. మేస్త్రి మాఱుటచేత సగము బలము లేచినది.

లినక్సు 1996 నాటి 2.0వ కెర్నెలుతో పెక్కు ప్రాసెసర్లను చేపట్టెను గాని, మొదట దానికి ఒక పెద్ద తాళముండెడిది. గిడ్డంగికి ఒకటే తలుపు, ఒకటే తాళపుచెవి యున్నట్లు, ఒక ప్రాసెసరు కెర్నెలు లోపలనుండగా తక్కినవి బయట కాచుకొనవలసివచ్చెడిది. గదికొక తాళము చొప్పున క్రమముగా విడదీసి, తుదకు 2011లో ఆ పెద్ద తాళమును పూర్తిగా తొలగించిరి. పదునైదేండ్లు పట్టిన పని! ఇంతలో 2005లో ఇంటెల్, ఏఎమ్‌డీ సంస్థలు ఒకే ప్రాసెసరున రెండు కోర్లను పెట్టి ఇంటి యంత్రములకు తెచ్చుటతో వింత సామాన్యమయ్యెను.

కావున నేడు విండోసును లినక్సును పెక్కు కోర్లను చక్కగానే నడపును. మాక్ ఓఎస్ అట్టిదే గాని, అది ఆపిల్ సంస్థవారి యంత్రములకే పరిమితము. ఒక్క మాట గుర్తుంచుకొనదగినది. 2021లో వచ్చిన ఇంటెల్ పండ్రెండవ తరము మొదలు పెక్కు ప్రాసెసర్లలో బలమైన కోర్లు కొన్ని, విద్యుత్తును పొదుపుచేయు చిన్న కోర్లు కొన్ని కలసియుండును. చేయి తిరిగినవారినీ క్రొత్తగా చేరినవారినీ ఒకే విధముగ చూచు మేస్త్రివలె, పాత ఆపరేటింగు సిస్టము వాని భేదమును సరిగా గుర్తింపదు. అట్టి యంత్రమునకు విండోస్ 11నో, క్రొత్త కెర్నెలుగల లినక్సునో వేయవలెను.

ఎన్నిక తేలవలసినది ఇంటి పనిని బట్టి. డీటీపీ చేయు కుటుంబమునకు అను ఫాంటులు కావలెను, జీడివర్తకుని యింట ట్యాలీ లెక్కలు కావలెను. ఈ రెండును విండోస్‌కై చేయబడినవి. వారికి లినక్సు మేలని వాదించుట మాకు సమ్మతము గాదు. విద్యార్థి పని వేఱు. వ్యాసములకు లిబ్రెఆఫీసు, బ్రౌజరు, పైథాన్, యూనికోడున తెలుగు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇవన్నియు లినక్సున వెల లేకయే లభించును. సీడాక్ వారు 2007లో బాస్ లినక్సును వెలువరించిరి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు మెనూలను సైతము తెలుగు చేసిన లినక్సును సిద్ధపఱచిరి. తల్లి తన భాషలో చదువుకొనగల తెర యింట నుండుట ఎంత సదుపాయమో వేఱుగ చెప్పనేల?

విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14న ముగిసినది. నమోదు చేసికొన్న గృహస్థులకు పొడిగింపు 2026 అక్టోబరు 13 వఱకు. విండోస్ 11 అన్ననో, టీపీఎమ్ 2.0 అను భద్రతాంశమును కోరును. సుమారు 2018కి పూర్వపు ప్రాసెసర్లను చాలవఱకు అంగీకరింపదు. నాలుగు కోర్లుండి, దేహమున ఏ లోపమును లేని యంత్రమును పాతసామానువానికి తూచి యిచ్చుట కంటె, లినక్సు మింటునో డెబియన్‌నో వేసికొనుట మేలని మా యభిప్రాయము. లైసెన్సు లేని విండోసును చవుకగా వేసి పంపు దుకాణములును కలవు. అట్టి ప్రతిలో వైరసులు దాగియుండవచ్చును, అది చట్టమునకును విరుద్ధము.

ఇక కరెంటు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరమును తాకినప్పుడు కొబ్బరిచెట్లతోపాటు స్తంభములును కూలి, ఉద్దానపు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. తుపాను లేనప్పుడును కరెంటు చెప్పిపోదు. డిస్కుపై వ్రాయుచుండగా యంత్రము ఆగినచో ఏమగును? వర్తకుడు ముందు చిట్టాలో వ్రాసికొని పిదప ఆవర్జాకు ఎక్కించును గదా. నడుమ దీపమారినను చిట్టాను చూచి ఆవర్జాను సరిచేసికొనును. విండోస్ వాడు ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్సు వాడు ఎక్స్‌ట్4 పద్ధతులు ఇట్టివే. పెన్‌డ్రైవులపై నుండు ఫాట్ పద్ధతికి చిట్టా లేదు. చిట్టా కాపాడునది ఫైళ్ల అమరికను మాత్రమే, మీరు సేవ్ చేయని పేరాను గాదు. దానికై చిన్న యూపీఎస్ కావలెను. ఎనిమిది కోర్లు మాని ఆఱు కొని, మిగిలిన ధనముతో యూపీఎస్ కొనుడని మేము నిస్సంకోచముగా చెప్పుదుము.

నిర్ణయమునకు ముందు పరీక్ష సులభము. లినక్సును పెన్‌డ్రైవుపై నుంచి, డిస్కును తాకకయే దానినుండి యంత్రమును నడపి చూడవచ్చును. వైఫై, ప్రింటరు, ధ్వని పనిచేయుచున్నవో లేదో కనుడు. పిదప పెద్ద ఫొటోల సంచయమును కుదించు పనిని పెట్టి సిస్టమ్ మానిటరును తెఱవుడు. కోర్‌కొక గీత కనబడును. గీతలన్నియు పైకి లేచినచో మేస్త్రి అందఱకును పని పంచినట్లు. ఒక్కటే లేచినచో ఆ ప్రోగ్రాము పంచుకొనుటకు వీలుగా వ్రాయబడలేదు; తప్పు ఆపరేటింగు సిస్టముది గాదు. నచ్చి స్థాపింపదలచినచో, ఇంటివారి ఫొటోలను, పత్రములను ముందుగా వేఱొక డిస్కునకు నకలు తీసి, ఆ నకలు తెఱచుకొనుచున్నదో లేదో మఱియొక యంత్రమున చూచినపిమ్మటనే స్థాపనకు పూనుకొనుడు.