వ్యవసాయ విశ్వవిద్యాలయ విద్యార్థికి సహాయ సేవలు: ఎవరిని, ఎప్పుడు, ఎలా ఆశ్రయించాలి?

ఉపోద్ఘాతం

పైరు సంరక్షణలో చీడపీడల నిఘాకు గల ప్రాధాన్యం వ్యవసాయ విద్యార్థులందరికీ తెలిసినదే. పురుగు ఉధృతి ఆర్థిక నష్ట స్థాయికి చేరకముందే గుర్తించిన రైతుకు తక్కువ ఖర్చుతో పంట దక్కుతుంది. ఈ సూత్రాన్ని పరీక్షలో చక్కగా వ్రాసే విద్యార్థి తన చదువు విషయంలో మాత్రం దానిని తరచుగా విస్మరిస్తాడు. మార్కులు పడిపోయిన తరువాత, హాజరు తగ్గిన తరువాత, మనసు పూర్తిగా క్రుంగిన తరువాత గాని సహాయం కోసం వెదకడు. విశ్వవిద్యాలయంలో సహాయ సేవలు లేకపోలేదు. అయితే అవి వేర్వేరు చోట్ల ఉండడం, వాటిని ఆశ్రయించడం చిన్నతనమని విద్యార్థి భావించడం ప్రధాన అవరోధాలు. ఏ ఇబ్బందికి ఏ ద్వారం తట్టాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సలహాదారు అధ్యాపకుడు

వ్యవసాయ కళాశాలలలో డిగ్రీ విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక సలహాదారు అధ్యాపకుని కేటాయించే పద్ధతి ఉన్నది. స్నాతకోత్తర స్థాయిలో ఈ బాధ్యతను ప్రధాన పరిశోధన మార్గదర్శి, సలహా సంఘం వహిస్తారు. పెక్కుమంది విద్యార్థులు సెమిస్టరు ఆరంభంలో కోర్సుల నమోదు పత్రంపై సంతకం కోసం మాత్రమే సలహాదారును కలుస్తారు. ఇది సరికాదు. విద్యార్థి మార్కులు, హాజరు, బకాయి కోర్సులు అన్నింటినీ ఒకేచోట చూడగలిగేది ఆయనే. ఎవరిని కలవాలో తెలియని స్థితిలో మొదట వారినే కలవడం ఉత్తమం.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "సార్, నాకు బయోకెమిస్ట్రీ రావడం లేదు" అంటే ఎంతటి అధ్యాపకుడైనా ధైర్యం చెప్పడం మినహా మరేమీ చేయలేరు. "సార్, ఎంజైముల పాఠంలో లెక్కలు అర్థం కాలేదు. రెండుసార్లు చదివాను, ఇక్కడ ఆగిపోయాను" అని నోటుపుస్తకం చూపితే పావుగంటలో చిక్కు వీడవచ్చు.

విద్యా సంబంధమైన సహాయం

ఇంటర్మీడియెట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి తొలి సెమిస్టరులో ఎదురయ్యే కష్టం సాధారణంగా తెలివికి సంబంధించినది కాదు, భాషకు సంబంధించినది. పాఠానికి ముందురోజే సాంకేతిక పదాల పట్టిక తయారు చేసుకోవడం, సీనియర్లతో కలిసి చదవడం, ఆంగ్ల కోర్సు బోధించే అధ్యాపకులకు తన వ్రాతను చూపి దిద్దించుకోవడం ఇందుకు తోడ్పడతాయి. ఒక విద్యార్థి మొదటి మధ్యంతర పరీక్షలో వెనుకబడినాడనుకొందాం. ఆ వారమే సంబంధిత అధ్యాపకుని కలిస్తే సరిదిద్దుకోవడానికి సెమిస్టరులో ఇంకా వ్యవధి ఉంటుంది. చివరి పరీక్ష ముందురోజు కలిస్తే ఆ అవకాశం ఉండదు.

గ్రంథాలయ సిబ్బంది సేవలను కూడా విరివిగా వినియోగించుకోవాలి. వ్యవసాయ పరిశోధన పత్రికలను అందించే 'సెరా', సిద్ధాంత గ్రంథాలను భద్రపరచిన 'కృషికోశ్' వంటి ఎలక్ట్రానిక్ వనరులను వెదికే విధానం వారిని అడిగి నేర్చుకోవచ్చు.

ఆర్థిక సహాయం

వర్షాలు లేక ఇంట పంట పోయిన సంవత్సరం ఆ భారం హాస్టల్ మెస్ బకాయి రూపంలో విద్యార్థిపై పడుతుంది. ఈ సంగతి దాచిపెట్టి తరగతులు మానడం కన్నా వార్డెనుకు, కళాశాల కార్యాలయానికి ముందుగా వ్రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. ఉపకార వేతనాలకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్, తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టళ్ళను గడువు ముగియకముందే పరిశీలించాలి. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పిఎం విద్యాలక్ష్మి పథకం క్రింద ఎంపిక చేసిన విద్యాసంస్థల విద్యార్థులకు హామీ, పూచీకత్తు లేని బ్యాంకు రుణాలు లభిస్తాయి. తమ సంస్థ ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందుగా సరిచూసుకోవాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సిద్ధంగా ఉంచుకొంటే చివరి నిమిషపు ఆందోళన తప్పుతుంది.

మానసిక, వ్యక్తిగత సహాయం

నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం రెండు వారాలకు పైగా కొనసాగితే దానిని సోమరితనమని కొట్టివేయరాదు. అది వైద్య సలహా తీసుకోవలసిన స్థితి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరుపై 24 గంటలూ ఉచితంగా లభిస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు.

విశాఖపట్నంలో జరిగిన ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్, మనస్తత్వ నిపుణుడు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరైనా ఉండాలి. సహాయ ఫోన్ నంబర్లను హాస్టళ్ళలోను, తరగతి గదులలోను స్పష్టంగా ప్రదర్శించాలి. కాబట్టి కౌన్సెలరును గూర్చి అడగడానికి విద్యార్థి సంకోచించనవసరం లేదు.

ర్యాగింగుకు గురైనవారు 1800-180-5522 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. లైంగిక వేధింపుల విషయంలో కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీని ఆశ్రయించాలి. సహవిద్యార్థి చనిపోవాలనే మాట పలికితే అతనిని ఒంటరిగా విడువక, రహస్యంగా ఉంచమని కోరినా వెంటనే వార్డెనుకు తెలియజేయడం మిత్రధర్మం.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో

చివరి సంవత్సరంలో గ్రామాలలో బస చేసే కాలంలో విద్యార్థి కళాశాల సేవలకు దూరమవుతాడు. బయలుదేరకముందే కార్యక్రమ సమన్వయకర్త, సలహాదారు, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫోన్ నంబర్లను కాగితంపై వ్రాసుకొని వెంట ఉంచుకోవాలి. అదే నంబర్లను ఇంట్లోవారికి కూడా ఇవ్వాలి.

ముగింపు

సహాయం కోరడం అసమర్థతకు చిహ్నం కాదు. ఆకుపై మచ్చ కనిపించగానే ఆకును తీసుకొని శాస్త్రవేత్త వద్దకు వచ్చే రైతును మనం వివేకవంతుడంటాము. రేపు ఆ రైతుకు సలహా చెప్పవలసిన విద్యార్థి నేడు తనకై సలహా అడగడం నేర్చుకోవాలి. ప్రతి విద్యార్థి సెమిస్టరు మొదటి వారంలోనే సలహాదారు, వార్డెన్, కౌన్సెలర్, ఆరోగ్య కేంద్రం వివరాలను నోటుపుస్తకం మొదటి పుటలో వ్రాసుకొని, అవసరం రాకముందే ఒక్కొక్కరినీ ఒకసారి కలిసి పరిచయం చేసుకొనుట శ్రేయస్కరం.