ఆవుపాలు ఎవరికి? ఎప్పుడు? ఎంత?

ఈసారి మన గోడపత్రికలో మనమంతా రోజూ చూసే ఒక వస్తువు గురించి తెలుసుకుందాం. కొందరం దాన్ని ఇష్టంగా తాగుతాం, కొందరం ముక్కు మూసుకొని మింగుతాం. అదే పాలు. "పాలు తాగితే బలం" అని చిన్న తరగతుల నుంచి చదువుతున్నాం. "ఆవు పాలు దూడవి, మనవి కావు" అని మనలో కొందరి ఇళ్ళల్లో అవ్వలు, తాతలు అంటారు. ఎవరి మాట నిజం? ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎంతవరకు ఉందో చూద్దాం.

1. కొందరు పాలు ఎందుకు పితకలేదు?

గిరిజనులంతా ఒకే రకంగా తినరు. లంబాడీలు తరతరాలుగా పశువులను మేపుకొని బతికినవారు. తండాల్లో పాలు, నెయ్యి, చల్ల కొత్తవి కావు. కానీ మన్యంలో కోయ, కోదు, సవర గూడేల్లో చాలాచోట్ల ఆవులున్నా పాలు పితికే అలవాటు లేదు. తల్లి పాలు దూడ తాగాలి, దూడ ఎదిగి ఎద్దు కావాలి, ఎద్దు పొలం దున్నాలి. ఇదీ వాళ్ళ లెక్క. కొండల్లో మేసే నాటు ఆవు ఇచ్చే పాలే తక్కువ. అవి పితికేస్తే దూడ చిక్కిపోతుంది. కాబట్టి దీన్ని మూఢనమ్మకం అని నవ్వడం తప్పు.

మరి పాలు లేకుండా వాళ్ళు ఎలా బతికారు? రాగులు, సామలు, జొన్నలు, కందులు, ఉలవలు, అడవి ఆకుకూరలు, దుంపలు, చేపలు, మాంసం తిన్నారు. ఇప్పుడు ఆ తిండి తగ్గిపోయింది. పళ్ళెంలో తెల్ల అన్నం మిగిలింది. పాల అవసరం పెరగడానికి అసలు కారణం ఇదే.

2. పాలలో ఏముంది, ఏం లేదు?

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశపు ఆహార పదార్థాల్లో ఏమేమి ఉన్నాయో ఆ సంస్థ పట్టికలు వేసింది. ఆ లెక్కల ప్రకారం 100 గ్రాములకు:

ఆవుపాలు – మాంసకృత్తులు 3.2 గ్రాములు, కాల్షియం 120 మి.గ్రా., ఇనుము 0.2 మి.గ్రా.
తల్లిపాలు – మాంసకృత్తులు 1.1 గ్రాములు, కాల్షియం 28 మి.గ్రా.
రాగులు – మాంసకృత్తులు 7.3 గ్రాములు, కాల్షియం 344 మి.గ్రా., ఇనుము 3.9 మి.గ్రా.

దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి. ఒకటి, పాలలో మంచి మాంసకృత్తులు, కాల్షియం ఉన్నాయి. రెండు, రక్తానికి కావలసిన ఇనుము దాదాపు లేదు. మూడు, మన రాగి సంకటి తక్కువదేం కాదు. అయితే రాగుల్లోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు, పాలలోది బాగా పడుతుంది. అందుకే రెండూ ఉంటే మేలు.

3. సలహాలు ఎలా మారుతూ వచ్చాయి?

1950, 60లలో పేద దేశాల పిల్లలకు మాంసకృత్తుల కొరతే పెద్ద జబ్బు అనుకున్నారు. విదేశాల నుంచి పాలపొడి డబ్బాలు వచ్చాయి. బళ్ళల్లో కలిపి పోశారు. తర్వాత డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వంలో హైదరాబాద్ సంస్థ శాస్త్రవేత్తలు మన పిల్లల తిండిని పరిశీలించి, అసలు కొరత కడుపు నిండా తిండిదే అని చెప్పారు. తినే తిండే చాలకపోతే, అందులోని మాంసకృత్తులు ఒళ్ళు పెరగడానికి కాకుండా శక్తి కోసం ఖర్చయిపోతాయి. పొయ్యిలో కట్టెల్లేక ఇంటి వాసాలు పెట్టినట్టన్నమాట.

ఆ సంస్థే పాలు లేకుండా ఒక పిండి తయారుచేసింది. దాని పేరు హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగపప్పు, బెల్లం కలిపి పొడి చేస్తే అదే. అన్నీ కిరాణా కొట్లో దొరికేవే. బక్కచిక్కిన పిల్లలు దానితో కోలుకున్నారు. అంటే పాలు దొరకని ఇంట్లో కూడా బిడ్డను బతికించుకోవచ్చు.

ఇంకోపక్క 1970లో పాల వెల్లువ పథకం మొదలైంది. డెయిరీలు వచ్చాయి, ఊరూరా పాల కేంద్రాలు వచ్చాయి. రైతు చేతికి డబ్బొచ్చింది, మంచిదే. కానీ చాలా ఇళ్ళల్లో పాలన్నీ కేంద్రానికి పోయి, పిల్లలకు టీ నీళ్ళు మిగిలాయి. ఇక్కడ శంషాబాద్ చుట్టూ 2008లో విమానాశ్రయం వచ్చాక పశువులు మేసే బీళ్ళు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు తొండుపల్లిలో పాలంటే ఎక్కువగా ప్యాకెట్టే.

4. ఏడాది లోపు పాపకు ఏం పట్టాలి?

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మనం చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదే. అందుకే నిదానంగా చదవండి.

పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. మొదట వచ్చే చిక్కటి పసుపు పాలను ముర్రుపాలు అంటారు. అవి "చెడ్డపాలు" అని పిండి పారబోసేవారు. విచిత్రం చూడండి: ఆవు ఈనితే దాని జున్నుపాలను బెల్లం వేసి ఇష్టంగా వండుకుంటాం, సొంత బిడ్డకు మాత్రం తల్లి జున్నుపాలు పారబోస్తాం! బిడ్డను రోగాల నుంచి కాపాడే మొదటి మందు అదే.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. ముందు 4 నుంచి 6 నెలలు అనేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 నెలలు అని స్పష్టం చేసింది. ఆరు నెలలు నిండాక మెత్తగా చిదిమిన పప్పన్నం, రాగి జావ, గుడ్డు, ఆకుకూర మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ళ దాకా ఇవ్వాలి.

పసిబిడ్డకు ఆవుపాలు ఎందుకు వద్దంటారు? ఆవుపాలలో తల్లిపాల కంటే మాంసకృత్తులు, ఉప్పులు ఎక్కువ. దూడ తొందరగా పెరగాలి కాబట్టి అవి దానికి సరిపోతాయి. పసిబిడ్డ మూత్రపిండాలకు అది బరువు. ఇనుము లేదు. కొందరు పసిపిల్లల పేగుల్లో కంటికి కనపడనంత కొద్దిగా రక్తం కూడా పోతుంది. బరువు తగ్గాలని నీళ్ళు కలిపితే బలం పోతుంది, ఆ నీళ్ళు మంచివి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. సీసా అయితే మరీ ప్రమాదం.

ఇక్కడా సలహాలు మారాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1983లో ఆరు నెలల తర్వాత ఆవుపాలు ఇవ్వవచ్చు అంది. 1992లో ఏడాది దాకా వద్దంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తల్లిపాలు అందని పిల్లలకు ఆరు నెలలు దాటితే పశువుల పాలైనా ఇవ్వవచ్చని చెప్పింది. కానీ ఇనుము ఉన్న తిండి తప్పక ఉండాలి. అలాంటి పాప ఇంట్లో ఉంటే అంగన్‌వాడీ టీచరునో డాక్టరునో అడగాలి. డబ్బా పాల ప్రకటనలు చూసి మోసపోకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు.

5. పెద్ద పిల్లల్లో కొందరికి కడుపు ఎందుకు ఉబ్బుతుంది?

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే రసం పసితనంలో అందరిలో ఉంటుంది. పాలు మానే వయసు నుంచి చాలామందిలో అది తగ్గిపోతుంది. ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్ళు ఇలాంటివాళ్ళే. అరగని చక్కెర పెద్దపేగుకు వెళ్తే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. గాలి పుడుతుంది, కడుపు గుడగుడమంటుంది, విరేచనం అవుతుంది. ఇది రోగం కాదు, నాటకం అంతకంటే కాదు.

దీనికి ఉపాయాలున్నాయి. పరగడుపున గ్లాసుడు గటగటా తాగకుండా, టిఫిన్‌తో అరగ్లాసు తాగాలి. పెరుగు, మజ్జిగ అయితే తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తాయి కాబట్టి చాలామందికి సరిపడతాయి.

6. ఏం చేద్దాం?

పిల్లలకు: చల్లకొచ్చి ముంత దాచొద్దు. పాలు పడకపోతే సింకులో పారబోసే బదులు వార్డెన్ సార్‌కు చెప్పండి. పడేవాళ్ళు పారబోయకండి, ఎముకలు పెరిగే వయసు ఇదే. కాచని పాలు ఎవరూ తాగొద్దు.

వార్డెన్‌లకు మనవి: పాలు వద్దన్న ప్రతి పిల్లా మొండిది కాదు. అలాంటివారికి ఆ పాలే తోడుపెట్టి మజ్జిగగా ఇప్పిస్తే దండగ ఉండదు. వారానికి కొన్నిరోజులు రాగి జావ పోయిస్తే ఇంకా మంచిది. ఆంధ్రప్రదేశ్ బళ్ళల్లో 2023 మార్చిలో రాగి జావ మొదలుపెట్టారు.

అందరికీ: పాలొక్కటే తాగితే రక్తం పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 5 ఏళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆకుకూర, పప్పు, గుడ్డు వదలొద్దు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. ముందూ వెనకా గంటసేపు టీ ముట్టకండి.

అవ్వ మాటా, పుస్తకం మాటా రెండూ వినండి. దూడకు కడుపు నిండాక మిగిలిన పాలు మనవి. పసిబిడ్డకు మాత్రం తల్లి పాలే పాలు.

జవాబులు రాయండి:
1. మీ ఊళ్ళో పసిపిల్లలకు మొదట ఏం పడతారు?
2. మీ ఇంటి పాలు ఎక్కడికి పోతున్నాయి?
3. మీ అవ్వ చిన్నప్పుడు తిని, మీరు తినని ఐదు వస్తువులు ఏవి?

జవాబులు కాగితం మీద రాసి ఈ బోర్డు కింద గుచ్చండి. మంచివి వచ్చే సంచికలో వేస్తాం.