గొడుగు నుంచి రెక్క దాకా: పారాచూట్ మారిన తీరు

సంక్రాంతి నాడు చిలకలగూడ మేడల మీద నిలబడ్డవాళ్లకు గాలి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ముక్కు కొంచెం పైకి లేచేట్టు దారం కడితే పతంగి ఎగురుతుంది. ముడి ఒక వేలెడు అటూ ఇటూ అయిందా, గిర్రున తిరిగి పక్కింటి రేకుల మీద పడుతుంది. అదే మేడ మీద పిల్లలు ఇంకో ఆట కూడా ఆడతారు. పాత చేతిరుమాలు నాలుగు మూలలకూ దారాలు కట్టి, చివర చిన్న రాయి వేలాడదీసి కిందికి వదులుతారు. అది ఎగరదు. ఊగుతూ, గాలి ఎటు తోస్తే అటు పోతూ, మెల్లగా దిగుతుంది.

పాత పారాచూట్‌కూ నేటి స్కైడైవింగ్ పారాచూట్‌కూ ఉన్న తేడా అచ్చంగా ఈ రుమాలుకూ పతంగికీ ఉన్న తేడాయే. ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు. నేటి పారాచూట్‌కు మూలరూపాన్ని కనిపెట్టిన డొమినా జాల్బర్ట్ గాలిపటాలూ, బెలూన్లూ తయారుచేసే మనిషే. ఈ మార్పు ఎలా జరిగింది, దానివల్ల ఏ ప్రమాదం తగ్గింది, ఏ కొత్త ప్రమాదం వచ్చింది అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

1. గొడుగు కాలం

1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆంద్రే జాక్ గార్నెరిన్ అనే ఫ్రెంచివాడు బెలూన్‌లో పైకి వెళ్లి, చట్రం లేని పట్టుగుడ్డ పారాచూట్‌తో దిగాడు. ప్రాణాలతోనే దిగాడు గాని, దారి పొడవునా లోలకంలాగా ఊగిపోయాడు. కారణం తేలికే. గుడ్డ కింద చిక్కుకున్న గాలికి బయటికి పోయే దారి లేదు. అది ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి చిమ్ముకుని బయటపడుతుంది. చిమ్మిన ప్రతిసారీ గుడ్డ ఎదురుపక్కకు ఒరుగుతుంది. తరువాత వచ్చిన గుండ్రటి పారాచూట్ల నడినెత్తిన ఒక రంధ్రం ఉండటం ఇందుకే.

మన దేశంలోనూ ఈ విద్య పాతదే. 1890లోనే రామచంద్ర ఛటర్జీ కలకత్తాలో బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. అయితే ఆ రోజుల్లో పారాచూట్ బెలూన్‌కు వేలాడుతూ ఉండేది. మనిషి దాన్ని వీపున కట్టుకుని, కొంతదూరం ఊరికే పడి, తరువాత తన చేత్తో తానే తెరుచుకోవడం కుదరదనీ, పడుతూనే స్పృహ తప్పుతుందనీ చాలామంది నమ్మేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలో లెస్లీ అర్విన్ విమానం నుంచి దూకి, తాడు లాగి, వీపు మీది పారాచూట్ తెరిచి ఆ నమ్మకం తప్పని చూపాడు. దిగేటప్పుడు చీలమండ విరిగిన మాట నిజమే.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ పట్టు దొరక్కపోవడంతో నైలాన్ వచ్చింది. గుడ్డ మారిందే గాని గొడుగు గొడుగుగానే ఉండిపోయింది.

2. ఒక చిన్న లెక్క

గొడుగు మనిషిని ఎంత నెమ్మదిగా దించుతుంది? భౌతికశాస్త్రం చదివినవారు కాగితం తీసి చూసుకోవచ్చు. మనిషి బరువూ, గాలి చేసే ప్రతిఘటనా సమానమైనచోట వేగం స్థిరపడుతుంది. యుద్ధానంతరం క్రీడాకారులు చవకగా కొనుక్కున్న సైనిక పారాచూట్ 28 అడుగుల వ్యాసం గలది; వైశాల్యం సుమారు 57 చదరపు మీటర్లు. సామానుతో కలిపి 90 కిలోల మనిషికి, ప్రతిఘటన గుణకం 0.75 అనుకుంటే, వేగం సెకనుకు దాదాపు 5.9 మీటర్లు వస్తుంది.

ఇది ఎంత దెబ్బ? ఏ పారాచూటూ లేకుండా 1.75 మీటర్ల గోడ మీద నుంచి దూకితే నేలను తాకే వేగం అంతే. అంటే నిలువెత్తు గోడ దూకినట్టు. కాళ్లు దగ్గరగా పెట్టి పక్కకు దొర్లడం సైనికులకు ముందుగా నేర్పేది అందుకే. పారాచూట్ లేకుండా బోర్లా పడే మనిషి వేగం సెకనుకు సుమారు 55 మీటర్లు. గొడుగు ఆ వేగాన్ని తొమ్మిదో వంతు చేస్తుంది. గతిజశక్తి 87వ వంతుకు తగ్గుతుంది. ఒక్క గుడ్డముక్క చేసిన పనిగా చూస్తే ఇది తక్కువేమీ కాదు.

మరి లోపం ఎక్కడ? దిగే చోటు మనిషి చేతిలో లేదు. 600 మీటర్ల ఎత్తున పారాచూట్ తెరుచుకుంటే కిందికి రావడానికి 100 సెకన్లు పడుతుంది. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తుంటే ఈలోగా అర కిలోమీటరు కొట్టుకుపోతాడు. సికింద్రాబాద్ స్టేషన్ నెత్తిన తెరుచుకున్నవాడు, గాలి ఇటు ఉంటే, చిలకలగూడ కరెంటు తీగల మీదో, ఎవరింటి నీళ్లట్యాంకు మీదో దిగాలి. గుడ్డలో కొన్ని పట్టీలు కత్తిరించి వెనక్కు గాలి చిమ్మేట్టు చేసి, కొంతవరకు తిప్పుకునే వీలు కల్పించారు. 1964లో వచ్చిన పారా-కమాండర్ ఈ పద్ధతిలో ఎంతో ముందుకు వెళ్లింది. అయినా అది తిప్పగలిగిన గొడుగే.

3. రెక్క పుట్టింది

అదే 1964లో జాల్బర్ట్ తన కొత్త ఊహకు పేటెంటు కోరాడు; 1966లో వచ్చింది. ఒక పొర గుడ్డకు బదులు రెండు పొరలు. వాటి మధ్య నిలువు గోడల్లాగా గుడ్డ అడ్డాలు. ముందు అంచు తెరిచి, వెనుక అంచు మూసి ఉంటుంది. ముందుకు పోతున్నకొద్దీ గాలి లోపలికి దూరి, ఏడో తొమ్మిదో గదుల్ని పరుపులాగా ఉబ్బిస్తుంది. ఒక్క పుల్ల లేకుండా విమానం రెక్క తయారవుతుంది!

ఈ రెక్క గాలికి అడ్డం పడి ఊరుకోదు. గాలిని కోసుకుంటూ ముందుకు జారుతుంది. ఒక మీటరు కిందికి దిగేలోగా సుమారు మూడు మీటర్లు ముందుకు పోతుంది. కుడి తాడు లాగితే కుడికి, ఎడమ తాడు లాగితే ఎడమకు తిరుగుతుంది. నేల దగ్గరపడ్డాక రెండు తాళ్లూ ఒక్కసారి కిందికి లాగితే వెనుక అంచు వంగి, ముందుకు పోయే వేగం ఎత్తే బలంగా మారి, క్షణకాలం దాదాపు ఆగినట్టవుతుంది. అప్పుడు మనిషి కదిలే బస్సు దిగినంత సునాయాసంగా నాలుగడుగులు నడిచి నిలబడతాడు.

మొదట్లో దీనికి ఒక పెద్ద చిక్కు ఉండేది. అది మరీ తొందరగా తెరుచుకునేది. మళ్లీ లెక్క చూద్దాం. సెకనుకు 55 మీటర్ల వేగం అరసెకనులో 6 మీటర్లకు తగ్గితే, శరీరం మీద సగటున భూమ్యాకర్షణకు పది రెట్ల కుదుపు. అదే మూడు సెకన్లలో తగ్గితే రెండు రెట్లకు లోపే. ఈ మూడు సెకన్లూ సంపాదించి పెట్టింది 1970లలో వాడుకలోకి వచ్చిన స్లైడర్. నాలుగు మూలలా కడియాలున్న చిన్న చతురస్రపు గుడ్డ అది. తాళ్లన్నీ ఆ కడియాల్లోంచి పోతాయి. రెక్క విచ్చుకోవాలంటే ఈ గుడ్డను కిందికి నెట్టాలి. ఎదురుగాలి దాన్ని పైకి నెడుతుంది. ఆ పెనుగులాటలో రెక్క నిదానంగా తెరుచుకుంటుంది. ఖరీదైన యంత్రమేదీ లేదు.

4. వీపు మీది సామాను

పాతరోజుల్లో అసలు పారాచూట్ వీపున, రిజర్వు పారాచూట్ పొట్ట మీద ఉండేవి. రెండూ కలిపి సుమారు 20 కిలోలు. నేడు రెండూ వీపు మీద ఒకే సంచిలో, చాలావరకు 10-12 కిలోల్లో ఇమిడిపోతాయి. బరువు తగ్గడం కంటె ముఖ్యమైన మార్పులు రెండున్నాయి.

మొదటిది, చెడిపోయిన పారాచూట్‌ను వదిలించుకోవడం. అది మీద చిక్కుకుని ఉండగా రిజర్వు తెరిస్తే రెండూ పెనవేసుకుంటాయి. పాత పద్ధతిలో రెండు భుజాల మీది ఇనుప కొక్కేలను వేరువేరుగా విప్పాలి. 1970లలో బిల్ బూత్ మూడు రింగుల ఉపాయం కనిపెట్టాడు. పెద్ద రింగులోంచి మధ్య రింగు, దానిలోంచి చిన్న రింగు, చివర ఒక దారపు ఉచ్చు. ఒక్కొక్క రింగు మీటలాగా పనిచేసి బరువును తగ్గిస్తూ వస్తుంది గనుక, చివరి ఉచ్చు మీద పడే భారం స్వల్పం. ఒక్క పిడి లాగితే రెండు భుజాలూ ఒకేసారి విడిపోతాయి.

రెండవది, మనిషి చేయలేనప్పుడు తానే తెరిచే పరికరం. పాతకాలంలోనూ గడియారంలాంటి యాంత్రిక సాధనాలుండేవి గాని, వాటి మీద అందరికీ నమ్మకం లేదు. 1991లో జర్మనీ నుంచి సైప్రెస్ అనే ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది. అనుభవజ్ఞుల కోసం చేసిన రకం, సుమారు 225 మీటర్ల ఎత్తుకు వచ్చాక కూడా వేగం సెకనుకు 35 మీటర్లు దాటి ఉంటే, రిజర్వు సంచిని మూసి ఉంచే దారాన్ని కోసేస్తుంది. మన రైల్వేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో ప్రదర్శించిన ‘కవచ్’ చేసేదీ ఇదే: డ్రైవరు బ్రేకు వేయకపోతే తాను వేస్తుంది. రెండింటికీ సూత్రం ఒకటే. మనిషి మరిచిపోవచ్చు, స్పృహ తప్పవచ్చు. ఆ సంగతి ముందే ఊహించి యంత్రాన్ని అమర్చాలి.

రైల్వే అన్నాం గనుక ఒక మాట. రైల్వే ఉద్యోగిని రేచల్ థామస్ మన దేశపు తొలి మహిళా స్కైడైవర్‌గా పేరు పొందారు. భారతీయ రైల్వేల 150 ఏళ్ల సందర్భంలో, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు. 2005లో పద్మశ్రీ అందుకున్నారు.

5. అయితే గొడుగు పనికిరానిదా?

కాదు. 1971 డిసెంబరు 11న టాంగైల్ వద్ద మన సైనికులు దిగింది గుండ్రటి పారాచూట్లతోనే. వందలమంది ఒకేసారి తక్కువ ఎత్తు నుంచి దూకేటప్పుడు, తలా ఒక దిక్కుకు దూసుకుపోయే రెక్కలుంటే గాలిలోనే ఢీకొంటారు. అక్కడ అందరూ కలిసి ఒకే వైపు కొట్టుకుపోవడమే క్షేమం. గురి చూసి ఒకచోట దిగవలసినప్పుడు రెక్క కావాలి. 1987లో ఏర్పడిన వాయుసేన ఆకాశ్ గంగా దళం ప్రదర్శనల్లో చూసేది ఈ రెండోరకమే.

మన శ్రీహరికోటనే చూడండి. గగన్‌యాన్ వ్యోమగాములు కూర్చునే గది సముద్రంలోకి దిగవలసింది గొడుగుల కిందనే. మొత్తం పది పారాచూట్లు ఒకదాని వెంట ఒకటి తెరుచుకోవాలి. చివరి మూడు పెద్దవాటిలో రెండు తెరుచుకున్నా చాలు. 2025 ఆగస్టు 24న అంత బరువున్న నమూనాను హెలికాప్టర్ నుంచి వదిలి ఈ వరుసను పరీక్షించారు. పాతదా కొత్తదా అని కాక, పనికి ఏది తగినది అని అడగడమే ఇంజనీరు లక్షణం.

6. తప్పు ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అసలు సంగతి. అమెరికాలో 1970లలో ఈ క్రీడలో ఏటా సగటున నలభై మందికి పైగా చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల జంపులు జరిగితే పదిమంది చనిపోయారు. సామగ్రి సాధించిన విజయం ఇది. కాని నేటి మరణాలను పరిశీలిస్తే, వాటిలో చెప్పుకోదగ్గ భాగం పారాచూట్ తెరుచుకోక జరిగినవి కావు. చక్కగా తెరుచుకుని, ఏ లోపమూ లేని రెక్కతో నేలను గుద్దుకున్నవి.

దీనికీ లెక్క ఉంది. సామానుతో కలిపి 200 పౌన్ల మనిషి 200 చదరపు అడుగుల రెక్క కింద ఉంటే, అడుగుకు ఒక పౌను భారం. అనుభవం పెరిగిందని 100 అడుగుల చిన్న రెక్కకు మారితే భారం రెండింతలు, వేగం 1.4 రెట్లు, గుద్దుకునే శక్తి రెండింతలు. తక్కువ ఎత్తులో గట్టిగా మలుపు తిప్పితే రెక్క ఒరిగి ఇంకా వేగంగా దిగుతుంది. గొడుగు కింద ఎంత తెలివితక్కువవాడైనా సెకనుకు ఆరు మీటర్లకు మించి దిగలేడు. రెక్క కింద ఆ హద్దు లేదు. గొడుగు మనిషికి స్వేచ్ఛ ఇవ్వలేదు, కనుక అతని తప్పులకూ చోటివ్వలేదు. రెక్క రెండూ ఇచ్చింది.

మన విద్యార్థుల్లో ఎన్‌సిసి ద్వారా ఆగ్రా వెళ్లి దూకేవారుంటారు. సెలవుల్లో డబ్బు కట్టి శిక్షకుడితో జంటగా దూకేవారూ ఉంటారు. వారికి ఒక్క సలహా. దూకేముందు మూడు ప్రశ్నలు అడగండి: రిజర్వు పారాచూట్ చివరిసారి ఎప్పుడు విప్పి మడిచారు? తానే తెరిచే పరికరం ఉందా, అది వేసి ఉందా? ఈ రోజు గాలి ఎంత వేగంతో వీస్తోంది? అమెరికాలో రిజర్వును 180 రోజులకోసారి అర్హతగలవారు మళ్లీ మడవాలని నిబంధన ఉంది. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట డబ్బు వెనక్కు తీసుకుని ఇంటికి రావడంలో పిరికితనమేమీ లేదు.

మేడ మీద పతంగి ఎగరేసే పిల్లవాడు ఆకాశం వంక చూస్తూ వెనక్కు నడుస్తాడు. వాడికి ప్రమాదం పతంగితో కాదు, పిట్టగోడతో. మంచి పారాచూట్ చేతికొచ్చిన స్కైడైవర్ పరిస్థితీ అంతే. గుడ్డ తన పని నేర్చుకుంది. ఇక నేర్చుకోవలసింది మనిషి.