విశ్వవిద్యాలయ ప్రదర్శనలు - గ్రామ విద్యార్థులు

ఇంటర్మీడియెట్ పరీక్షల కాలమునకు ముందు వెనుకలుగా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములందు విద్యా ప్రదర్శనలు జరుగుచుండును. అనేక విశ్వవిద్యాలయములవారు ఒకే ప్రాంగణమున బల్లలు వేసికొని కూర్చుందురు. రంగుల పుస్తకములతో సంచులు నింపుకొని మురిసి ఇల్లు చేరు పిల్లలే ఎక్కువ. ఆ దినమును చక్కగా వినియోగించుకొన్నచో, నెలలకొలది తిరిగినను దొరకని వివరములు ఒక్క పూటలో దొరకును. ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన పని కలదు. ఏలయన, చదువు కొరకు భూమి తాకట్టు పెట్టు మాట గ్రామములో మొదట చెవిని పడునది వారికే.

ప్రదర్శనలో బల్ల వేసినంత మాత్రమున ఆ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నదని తలంపరాదు. స్థలమునకు సొమ్ము చెల్లించినవారు అచట కూర్చుందురు, అంతే. కొన్ని బల్లలవద్ద మాటలాడువారు అధ్యాపకులు కారు. విద్యార్థిని చేర్పించినందుకు కమీషను పుచ్చుకొను ఏజెంట్లు. అది నేరము కాదు గాని, వారి సలహాను ఆ మేరకే తూచవలెను. పండ్లు పట్టి చూడనిదే సంతలో ఎద్దును కొనని రైతు, కుమారుని చదువునకు లక్షలు పోయునపుడు మొగమాటపడుట మనము చూచుచునే ఉన్నాము.

కావున పోవుటకు ముందే కొంత పని జరుగవలెను. యూ.జి.సి. చట్టము 1956లో వచ్చినది. దాని ప్రకారము డిగ్రీ ఇచ్చు అధికారము కేంద్ర, రాష్ట్ర చట్టములచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకు, డీమ్డ్ హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే కలదు. నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను యూ.జి.సి. రాష్ట్రములవారీగా ప్రకటించుచుండును. ఫోను ఉన్న ఏ యువకుడైనను దానిని చూడగలడు. 1994లో ఏర్పడిన న్యాక్ ఇచ్చు గ్రేడునకు గడువు ఉండును; అది దాటినదా యని అడుగవలెను. ఇంజనీరింగు చదువులకు ఎన్.బి.ఎ. గుర్తింపు సంస్థ మొత్తమునకు కాక ఒక్కొక్క కోర్సునకు ఇత్తురు. తాను చేరగోరు కోర్సునకే అది ఉన్నదా యని విద్యార్థి తెలిసికొనవలెను.

బల్లవద్ద అడుగవలసిన ప్రశ్నలలో ముఖ్యమైనది ఖర్చు. మొదటి సంవత్సరపు ఫీజు చెప్పి ఊరకుందురు. హాస్టలు, భోజనము, బస్సు, పరీక్ష రుసుములు కలిపి, ఏటేటి పెంపు చేర్చి, కోర్సు ముగియునంతవరకు ఎంతయగునో కాగితముపై వ్రాయించుకొనవలెను. వ్రాసి ఇచ్చుటకు వెనుదీయువారిని వదలి ప్రక్క బల్లకు పోవుట మేలు. ఉద్యోగముల విషయమున గోడమీద అంటించు అత్యధిక వేతనము ఒక్కనిది. మనకు కావలసినది నడిమి విద్యార్థి సంగతి. 2016 నుండి ప్రకటించుచున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల కొరకు సంస్థలు సమర్పించు లెక్కలలో ఎందరికి ఉద్యోగము వచ్చినది, మధ్యస్థ వేతనమెంత అను అంకెలు కలవు. వాటిని ముందే చూచి పోయినచో అచటి మాటలలోని పొల్లు తేలిపోవును.

మరియొక మాట. తండ్రి తానే ప్రశ్నించి తానే తల యూపుచుండగా, చదువవలసిన అమ్మాయి వెనుక నిలుచుండును. ఆమెయే అడుగవలెను.

విదేశ విద్య విషయమున మరింత మెలకువ అవసరము. అమెరికాలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయము 2011లో మూతపడినపుడు చిక్కులపాలైనవారిలో తెలుగు విద్యార్థులు అనేకులు. కొందరి కాళ్లకు నిఘా పరికరములు సైతము తగిలించిరి. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమును అక్రమ వలసలను పట్టుటకై ఆ దేశపు అధికారులే సృష్టించిరి. అందు తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. వీసా పత్రము దొరకుటయే చాలదు. తరగతులు ఏ భవనములో, వారమునకు ఎన్ని గంటలు జరుగును, బోధించువారెవరు అని తప్పక అడుగవలెను.

ఆ దినముననే సొమ్ము కట్టినచో రాయితీ యని తొందరపెట్టువారు కొందరుందురు. ప్రదర్శనలో ఒక్క రూపాయియు కట్టరాదని మా అభిప్రాయము. అసలు సర్టిఫికెట్లు ఎవరికిని అప్పగింపరాదు. ప్రవేశము పొందిన పిమ్మట సైతము వాటిని సంస్థ తనవద్ద ఉంచుకొనరాదని యూ.జి.సి. 2018లో ఉత్తరువు చేసినది.

సభ్యులు నలుగురైదుగురు విద్యార్థులను కలిపి ఒకే బండిలో పంపినచో ఖర్చు తగ్గును, ఒకరు మరచిన ప్రశ్న మరొకరు అడుగుదురు. తిరిగి వచ్చిన వారములోగా ఆ కాగితములను పంచాయతీ కార్యాలయమున పరచి, అదే కళాశాలలో చదువుచున్న సమీప గ్రామపు విద్యార్థినొకని పిలిపించి చూపవలెను. హాస్టలు నీటి సంగతి మొదలు అధ్యాపకుల రాకపోకల వరకు నిజము చెప్పువాడు అతడే. భూమి పత్రములు పెట్టెనుండి తీయుటకు ముందు బ్యాంకు మేనేజరును కలియవలెను. బ్యాంకుల ఆదర్శ విద్యా ఋణ పథకమున 4 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. తల్లిదండ్రులు విద్యార్థితోపాటు సంతకము చేసిన చాలును.