పెళ్లి ఫొటోల రా ఫైళ్లు సర్దుకోవడానికి చిట్కాలు

2023 మే నెలలో మా చెల్లెలి పెళ్లి. నా కెమెరా, డల్లాస్ నుంచి వచ్చిన మా బావ కెమెరా రెండూ కలిపి రెండువేల పైచిలుకు రా ఫైళ్లు తేలాయి. ఒక్కోటి పాతిక నుంచి ముప్పై ఎంబీ, మొత్తం అరవై జీబీ దాకా. రా ఫైలు బియ్యం, జేపెగ్ వండిన అన్నం. బియ్యం ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎలా కావాలంటే అలా వండుకోవచ్చు. 14 బిట్ల రా ఫైల్లో నలుపు నుంచి తెలుపు దాకా 16,384 మెట్లు ఉంటాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మాత్రమే. అందుకే ఆ ఫైళ్లను అంత జాగ్రత్తగా చూసుకోవాలి. వాటితో నెలరోజులు కూర్చున్నాక నాకు పట్టుబడినవి ఇవి.

1. కార్డులోంచి ఫైళ్లను ‘కట్’ చేయకండి, ‘కాపీ’ చేయండి. మధ్యలో వైరు కదిలినా కార్డులో ఫొటోలు ఉంటాయి. రెండుచోట్ల కాపీ పెట్టి, ఫైళ్ల సంఖ్య సరిచూసుకుని, అక్కడక్కడ నాలుగైదు తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. అదీ కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే.

2. ఫోల్డరు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి. ముందు 2023, తర్వాత 05, తర్వాత తేదీ, చివర సందర్భం. ఇలా రాస్తే ఫోల్డర్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ఫైళ్ల పేర్లు కూడా దించుకునేటప్పుడే మార్చేయండి. కెమెరా అంకె 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తుంది. నాలుగేళ్ల తర్వాత ఒకే పేరుతో రెండు ఫొటోలు ఎదురైతే ఏది ఏదో తేల్చుకోవడం కష్టం.

3. రెండు కెమెరాలు ఉంటే గడియారాలు కలపండి. మా ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకు. బావ కెమెరా ఇంకా డల్లాస్ టైములోనే ఉంది, మే నెలలో మనకంటే పదిన్నర గంటలు వెనక. దాంతో ఆయన తీసిన జీలకర్రబెల్లం ఫొటోలన్నీ ముందురోజు సాయంత్రం నాలుగున్నరకి, పెళ్లికూతుర్ని చేసిన ఫొటోల మధ్యకి వెళ్లి కూర్చున్నాయి. ఒకే క్షణాన్ని రెండు కెమెరాలూ పట్టిన ఫొటో ఒకటి వెతికి, తేడా ఎంతో చూశాను. ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో బావ ఫొటోలన్నీ ఎంచుకుని, ‘ఎడిట్ క్యాప్చర్ టైమ్’లో ఆ తేడా కలిపితే అన్నీ వరసలోకి వచ్చాయి. అప్పటి నుంచి పని మొదలుపెట్టేముందే రెండు కెమెరాలతోనూ ఒకే ఫోనులోని గడియారాన్ని ఫొటో తీసి పెట్టుకుంటున్నాను.

4. ఏరివేత రెండు విడతల్లో చేయండి. మొదటి విడతలో కళ్లు మూసినవి, పూర్తిగా కదిలిపోయినవి గుర్తుపెట్టండి, అంతే. డిలీట్ చేయడానికి వారం ఆగండి. మా అమ్మమ్మ నవ్వుతూ తల తిప్పిన ఫొటో కాస్త మసకగా ఉందని మొదటిరోజు పక్కన పెట్టాను. వారం తర్వాత చూస్తే ఆ నవ్వు ఇంకే ఫొటోలోనూ లేదు. ఇప్పుడు ఇంట్లో గోడకు ఉన్నది అదే.

5. వైట్ బ్యాలెన్స్ ఒక ఫొటోకి సరిచేసి, అదే వెలుతురులో తీసిన మిగతావాటికి సింక్ చేయండి. రా ఫైల్లో దీన్ని ఎన్నిసార్లు మార్చినా ఫొటో చెడదు. అయితే డ్రాపర్‌తో ఎక్కడ క్లిక్ చేస్తున్నారో చూసుకోండి. తెల్లగా కనిపిస్తున్నాయి కదా అని నేను మధుపర్కాల మీద క్లిక్ చేశాను. వాటికి పసుపు అంటి ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ పసుపును విరవబోయి పీటల మీద ఉన్నవాళ్లందరికీ నీలిరంగు పూసింది. ఒక బూడిదరంగు కార్డు కొనుక్కుని, మండపంలో లైట్లు మారినప్పుడల్లా దాన్ని ఒక ఫొటో తీసుకోండి. క్లిక్ దానిమీదే.

6. ఎర్ర పట్టుచీర ముద్దగా, నేత కనపడకుండా వస్తే హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకుని ఉంటుంది. మొత్తం ఫొటోలో ఎరుపు తగ్గిస్తే బొట్టు, పారాణి కూడా వెలిసిపోతాయి. చీర వరకే బ్రష్‌తో మాస్క్ గీసి, అక్కడ ఎక్స్‌పోజరు, సాచురేషన్ కొద్దికొద్దిగా దించండి. అంచు దగ్గర జరీ, ఎరుపు విడివిడిగా తేలేదాకా.

7. అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీరు ఎన్ని మార్పులు చేసినా రా ఫైలు మారదు. ఎంత వెలుతురు పెంచారు, ఎక్కడ కత్తిరించారు అన్న లెక్కంతా లైట్‌రూమ్ తన క్యాటలాగ్‌లో రాసుకుంటుంది. నాకది తెలియదు. ఫొటోలు బయటి డిస్కులో ఉన్నాయి కదా అన్న ధైర్యంతో కంప్యూటర్ ఫార్మాట్ చేయించాను. క్యాటలాగ్ సి డ్రైవ్‌లో ఉంది. రెండువేల ఫొటోలూ క్షేమం, మూడువారాల పని మాత్రం మొత్తం పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీరు ఇవాళే క్యాటలాగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మార్పులను ఎక్స్‌ఎంపీలోకి రాసే ఐచ్ఛికానికి టిక్ పెట్టండి. ప్రతి రా ఫైలు పక్కనే ఒక చిన్న ఫైలు తయారవుతుంది, మీ పని అందులో ఉంటుంది. డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ అయితే ఈ పని మామూలుగా తనంతట తనే చేస్తుంది. ఆల్బమ్‌ల లాంటి కలెక్షన్లు, వర్చువల్ కాపీలు ఎక్స్‌ఎంపీలోకి రావు కాబట్టి క్యాటలాగ్‌కు కూడా విడిగా బ్యాకప్ ఉండాలి.

8. ఫోల్డర్లు జరపాలంటే సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే జరపండి.

9. అన్నిటినీ డీఎన్‌జీలోకి మార్చాలా? కెనాన్‌కి సీఆర్3, నికాన్‌కి ఎన్‌ఈఎఫ్, సోనీకి ఏఆర్‌డబ్ల్యూ, ఇలా ఎవరి రా వారిది. అడోబీ 2004లో తెచ్చిన డీఎన్‌జీ అందరికీ తెరిచి ఉంచిన పద్ధతి. మీ పాత లైట్‌రూమ్ కొత్త కెమెరా ఫైళ్లను తెరవకపోతే అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్ ఆదుకుంటుంది. అవసరం లేనప్పుడు నేను మార్చను. మార్చినా అసలు ఫైళ్లు తీసేయను. డీఎన్‌జీ లోపలే అసలు ఫైలును కూడా ఇమిడ్చే ఐచ్ఛికం ఉంది కానీ, దాంతో సైజు దాదాపు రెట్టింపవుతుంది.

10. బంధువులకు పంపే జేపెగ్‌లు ఎస్‌ఆర్‌జీబీలో తీయండి. అడోబీ ఆర్‌జీబీలో తీస్తే చాలా ఫోన్లలో రంగులు చప్పబడతాయి. ఫోనుకి పొడుగు వైపు 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 80 చాలు. 4 బై 6 ప్రింటుకి 1800 బై 1200 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి 300 చుక్కలు వస్తాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే సైజు నొక్కేయకుండా ఉన్నదున్నట్టు వెళుతుంది.

11. రెండో హార్డ్‌డిస్కు మరో ఇంట్లో ఉండాలి. రెండూ ఒకే బీరువాలో పెడితే దొంగ పడినా, నీళ్లు చేరినా రెండూ ఒకేసారి పోతాయి. మాది అమ్మావాళ్లింట్లో, పట్టుచీరల అరలో ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు తీసి, కంప్యూటర్‌కి తగిలించి, ఆ ఏడాది ఫోల్డర్లు అందులో వేస్తాను. పాతవి ఒకటి రెండు తెరిచి చూస్తాను. అప్పుడు అమ్మ పక్కన కూర్చుని తలంబ్రాల దగ్గర ఆపమంటుంది.