సెలవుల్లో చదవదగ్గ చారిత్రక నవలలు

పరీక్షలు అయిపోగానే చాలామంది టీవీ గది ముందు చేరిపోతున్నారు. అక్కడికి పోయేముందు ఈ మూడు పుస్తకాల సంగతి వినండి. మూడూ చారిత్రక నవలలే. అంటే నిజంగా జరిగిన చరిత్రకి రచయిత తన ఊహ జోడించి రాసిన కథలు.

మొదటిది అడవి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'. ఆయన మన గోదావరి వారే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నారు. బొమ్మలు కూడా బాగా వేసేవారు. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసింది ఈ గన్నారెడ్డి వేషమే. నవలలో గన్నారెడ్డి పెళ్ళిలోంచి పెళ్ళికొడుకునే ఎత్తుకుపోతాడు! వర్ణనలు మాత్రం చాంతాడంత ఉంటాయి, ఓపిక పట్టాలి. రుద్రమదేవి కల్పన కాదు, ఓరుగల్లును నిజంగా ఏలిన రాణి. ఆమె మరణం గురించి 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతోంది. మాటలూ, ప్రేమకథా చాలావరకు బాపిరాజు గారి ఊహ.

రాజుల నవలలు ఎన్నైనా దొరుకుతాయి. మనలాంటి కొండవాళ్ళు కథానాయకులైనవి వెతుక్కోవాలి. వెతికితే రెండు దొరికాయి.

ఒకటి అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం'. ఆదిలాబాదు అడవుల్లో గోండులు పోడు కొట్టుకుంటే నేరం, పశువుల్ని మేపితే పన్ను. నైజాం ప్రభుత్వాన్ని భీం ఎదిరించాడు. 1940లో జోడేఘాట్ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. పోడు గొడవ మన ఇళ్ళలో తెలియనిదెవరికి? అందుకే ఇది చదువుతుంటే మనూళ్ళో సంగతిలాగే ఉంటుంది. ఒక్క మాట. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' చూసి భీం, అల్లూరి సీతారామరాజు స్నేహితులని సాంఘికశాస్త్రం పేపర్లో రాసేస్తున్నారు కొందరు. వాళ్ళిద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు. రాజు గారు 1924లోనే అమరుడయ్యారు.

రెండోది మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసినది, తెలుగులో 'ఎవరిదీ అడవి?'. ముండా వీరుడు బిర్సా కథ. నా ఓటు దీనికే. బిర్సా కూడా ఇల్లు వదిలి చైబాసా మిషన్ స్కూల్లో చదువుకున్న కుర్రాడు. తర్వాత తెల్లవాళ్ళ మీద, భూములు లాక్కున్నవాళ్ళ మీద తిరగబడ్డాడు. 1900లో రాంచీ జైల్లో చనిపోయేసరికి అతనికి పాతికేళ్ళే. ఆఖరి పేజీలు రాత్రి పడుకునేముందు చదవకండి, నిద్ర పట్టదు.

పుస్తకాలు కావాలంటే వార్డెన్ గారి దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోండి. పేజీలు మడతపెట్టొద్దు బాబూ, మన వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు.

ఇంకో సంగతి. 1922 ఆగస్టు 24న సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. రాజవొమ్మంగి, చింతపల్లి వైపు వాళ్ళు సెలవులకి వెళ్ళినప్పుడు, గాం గంటందొర గురించీ ఆ రోజుల గురించీ ముసలివాళ్ళు ఏం విన్నారో అడిగి, చెప్పినవారి పేరుతో సహా రాసుకు రండి. వచ్చే సంచికలో ఒక పేజీ మొత్తం దానికే వదిలిపెడుతున్నాం.